బండి దీపం మారుస్తున్నారా?

“మోటారు సైకిలు బల్బు గొడవ మనకెందుకు?” అని పేజీ తిప్పేయకండి. రాత్రి పొద్దుపోయాక వీధి గుమ్మంలో నిలబడి బండి చప్పుడు కోసం చెవులు రిక్కించేది ఎవరు? మనమే కదా! అందుకే ఈ వారం వంటింటి కబుర్లు కాస్త పక్కన పెట్టి, మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మావారు రొయ్యల చెరువుల మీద పని చూస్తారు. ఏరియేటర్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూసుకుని ఇల్లు చేరేసరికి ఒక్కోరోజు పదకొండవుతుంది. దారంతా కాలవ గట్టే. ఓ పక్క కాలవ, ఓ పక్క చెరువులు, మధ్యన సన్నటి రోడ్డు. ఒక్క వీధి దీపం ఉండదు. ఆయన బండి లైటేమో గుడ్డి దీపం. “గొయ్యిలో పడ్డాకే గొయ్యి కనబడుతోంది” అనేవారు. ఆ మాట విన్నప్పటి నుంచీ ఆయన వచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు. “ఇంకాస్త వెలుగొచ్చే బల్బు వేయించుకోండీ” అని రోజూ పోరింది నేనే. తప్పు నాదీ ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

పండక్కి వచ్చిన మా అబ్బాయి బండిని టౌనుకి తీసుకెళ్లి, పాత 35 వాట్ల బల్బు తీయించి 100/90 వాట్ల బల్బు పెట్టించుకొచ్చాడు. అంటే పెద్ద లైటుకి 100, డిమ్ముకి 90 వాట్లన్నమాట. ఆ రాత్రి లైటు వేస్తే వీధి వీధంతా పెళ్లి పందిరిలా వెలిగిపోయింది. నా సంబరం చూడాలి!

నాలుగో రోజు రాత్రి మావారు అన్నం తింటూ, “ఎవడో తాగి సైకిలు తొక్కుతున్నాడే, నా ఎదురుగానే తూలిపోయాడు” అన్నారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. తెల్లారాక చూస్తే, మా వీధి చివరింటి తాపీమేస్త్రి మోచేతికి కట్టు కట్టుకుని ఉన్నాడు. మనిషి చుక్క ముట్టడు. “ఏం లేదండి అమ్మగారూ, ఎదర బండి లైటు కళ్లల్లో కొట్టేసిందండి. రోడ్డేదో కాలవేదో తెలీలేదు. తూటుపొదలో పడ్డాను కాబట్టి సరిపోయింది” అన్నాడు. నా నోట మాట రాలేదు. ఆ బండి మాదే! నా మనిషి క్షేమంగా రావాలని నేను కోరుకున్న వెలుగు, ఇంకో ఇల్లాలి మనిషిని కాలవ అంచుకి తోసింది.

ఇది చాలదన్నట్టు వారం తిరక్కుండానే ఆయనకి దారిలో ఏదో కాలిన వాసనొచ్చి, నడి గట్టు మీద లైటు టప్పున ఆరిపోయింది. సెల్‌ఫోను వెలుగులో బండి నడిపించుకుంటూ ఇల్లు చేరారు. మర్నాడు మా ఊరి పాత మెకానిక్ విప్పి చూస్తే, బల్బు హోల్డరు కరిగిపోయి ముద్దయింది. వెనక వైర్లు నల్లగా మాడిపోయాయి.

“బల్బు మార్చారు గాని వైరు మార్చలేదు కదమ్మగారూ!” అన్నాడాయన. ఇది మనకి తెలిసిన సంగతే. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుకి ఇస్త్రీపెట్టె తగిలిస్తే ఏమవుతుంది? వైరు వేడెక్కి కమురు వాసన రాదూ? ఇదీ అంతే. 12 వోల్టుల బండిలో 35 వాట్ల బల్బు సుమారు 3 ఆంపియర్ల కరెంటు తీసుకుంటే, 100 వాట్లది 8 దాటి లాగుతుంది. 35 వాట్లకి సరిపడా వేసిన వైరూ, స్విచ్చీ దాన్ని ఎలా మోస్తాయి? పైగా బండి తయారుచేసే కరెంటు చాలక బ్యాటరీ కూడా దిగిపోతుంది. సెల్ఫ్ పనిచేయడం లేదని ఆయన రెండు రోజులుగా విసుక్కుంటున్నది అందుకేనట!

2017 ఏప్రిల్ నుంచి అమ్మకానికి వచ్చిన కొత్త బళ్లకి ఇంజను నడిచినంతసేపూ లైటు వెలుగుతూనే ఉంటుంది. వాటికి ఈ వేడి పగలూ తప్పదు. కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం కూడా ఒప్పుకోదు.

మరి గుడ్డి దీపంతోనే తిరగాలా? అక్కర్లేదు. మెకానిక్ హోల్డరూ, మాడిన వైర్లూ మార్చి, మళ్లీ 35 వాట్ల బల్బే, కొత్తది, వేశాడు. తుప్పు పట్టిన కనెక్షన్లు గీకి శుభ్రం చేశాడు. బల్బుకి అందే వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు సుమారు మూడో వంతు పడిపోతుందట. సాయంత్రం లో వోల్టేజీకి మన పాత గుండు బల్బులు ఎలా ఎర్రబడేవో గుర్తు తెచ్చుకోండి! మసకబారిన అద్దం కూడా తుడిచాక ఆ బల్బే రెట్టింపు వెలుగు ఇచ్చినట్టనిపించింది.

మీ ఇంట్లో బండికీ ఇవి చూడమనండి:

* బల్బు మార్చేముందు పాతది ఎన్ని వాట్లో చూసి, అదే కొనండి. తప్పదనుకుని పెద్దది వేయాలంటే బండి అంత కరెంటు ఇవ్వగలదో లేదో ముందు అడగాలి. ఇవ్వగలిగినా రిలే, లావు వైరు, ఫ్యూజు, వేడికి ఆగే హోల్డరు ఉండాలి.

* హాలోజెన్ బల్బు గాజుని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొడిగుడ్డతో పట్టుకోవాలి.

* హాలోజెన్ కోసం చేసిన డిప్పలో ఎల్‌ఈడీ బల్బు దూరిస్తే వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడే ప్రమాదం ఉంది. కంపెనీయే ఎల్‌ఈడీ లైటు ఇస్తే అది వేరే సంగతి.

* లైటు ఎత్తు చూడండి. గోడకి పాతిక అడుగుల దూరంలో, చదునైన నేల మీద బండి నిలబెట్టి, నడిపే మనిషిని కూర్చోబెట్టండి. నేల నుంచి లైటు ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తున సుద్దముక్కతో గీత గీయండి. డిమ్ము వేస్తే వెలుగు ఆ గీతకి కిందే పడాలి. మనం వెనక ఎక్కితే బండి వెనక్కి కుంగి లైటు పైకి లేస్తుంది. కాబట్టి మనమూ కూర్చుని ఓసారి చూడాలి!

* ఎదుట మనిషి కనబడితే, సైకిలైనా నడకైనా, డిమ్ము చేయాలి.

సుద్దగీత గీసింది నేనే. మేస్త్రి ఇంటికి మందుల డబ్బులు పట్టుకెళ్లిందీ నేనే. ఆయన భార్య డబ్బులు పుచ్చుకోలేదు. “అన్నయ్యగారిని డిమ్ము కొట్టమనండి వదినగారూ, అదే చాలు” అంది. ఇప్పుడు మావారు రాత్రి బయల్దేరేటప్పుడు “జాగ్రత్తండీ”తో పాటు “డిమ్ము మరిచిపోకండీ” అని కూడా అంటున్నాను. మీరూ అనండి. మన గుమ్మంలోలాగే ఎదుటి గుమ్మంలోనూ ఎవరో ఒకరు ఎదురుచూస్తూనే ఉంటారు కదా!