హథ్‌ఖోజ్ లారీ సిబ్బంది క్వారంటైన్‌లో లొసుగులు

దుర్గ్ జిల్లా కలెక్టర్ గారికి,

కొవిడ్ కాలంలో సరుకు రవాణాకు ఇచ్చిన మినహాయింపు క్వారంటైన్‌లో పెద్ద లొసుగైంది. 2020 ఏప్రిల్ 15 నాటి కేంద్ర హోంశాఖ మార్గదర్శకాలు లారీకి ఇద్దరు డ్రైవర్లను, ఒక క్లీనర్‌ను అనుమతించాయి. బయట రెండు గజాల దూరం పాటించమన్న నియమం, ముగ్గురూ సీటు వెనక బల్లపై వంతులవారీగా కునుకు తీసే క్యాబిన్‌లో చెల్లలేదు. ఆ మే నెలలో చెన్నై కోయంబేడు మార్కెట్‌కు సాగిన రాకపోకలతో చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లోనూ కేసులు బయటపడ్డాయి.

హథ్‌ఖోజ్ భారీ పారిశ్రామిక ప్రాంతానికీ ఈ ముప్పు ఉంది. లోడు కోసం లారీ ఆగిన చోటే సిబ్బంది వండుకుంటారు, అక్కడే పడుకుంటారు. కొవిడ్ లక్షణాలు కనిపించడానికి 14 రోజుల దాకా పట్టవచ్చు; గేటు దగ్గర జ్వరం చూసినంత మాత్రాన సోకినవారంతా దొరకరు. పైగా ట్రిప్పు ఆగితే బత్తా ఆగుతుంది గనుక, ఒళ్లు వెచ్చబడినా మాత్ర వేసుకుని బండి తీసేవారు ఉంటారు.

మళ్లీ వైరస్ ప్రబలేలోగా మూడు ఏర్పాట్లు అవసరం: లారీలు ఆగే చోట పరీక్షా కేంద్రం, మరుగుదొడ్లు, ఫలితం వచ్చేదాకా విడి గదులు; బండికి, సరుకుకు కాపలా; క్వారంటైన్ రోజులకు బత్తా. వీటిని జిల్లా విపత్తు నిర్వహణ ప్రణాళికలో చేర్చాలని విజ్ఞప్తి.

ఇట్లు,
భిలాయి పౌరులు