మన ఊరి బీచి

మా బోయినపల్లికి సముద్రం లేదన్న దిగులు 2019లో తీరింది. మాన్వాడ దగ్గర మిడ్ మానేరు జలాశయం నిండింది. 25 టి.ఎం.సి.లకు పైగా పట్టే చెరువంటే మాటలా! విశాఖ నుంచి భీమిలి దాకా కడలి పక్కన సైకిలు తొక్కొచ్చిన మిత్రుడొకడు, "గంత దూరమెందుకురా, మనకూ బీచున్నది" అన్నాడు. ఓ ఆదివారం నలుగురం సైకిళ్ళెక్కాం.

గాలి బాగుంది. ఎదురుగాలి గనక తొక్కుడే బాగులేదు. వరదవెల్లి వైపు నీళ్ళ నడుమ దత్తాత్రేయుని గుట్ట దీవిలా కనబడగానే మావాళ్ళు "అబ్బ, ఏం బీచిరా!" అంటూ ఫోటోలకు దిగారు.

నాకు ఒళ్ళు మండింది. అయ్యా, సముద్రంలో ద్వారక మునిగిందంటారు, దానికో పురాణముంది. ఈ నీళ్ళలో మునిగిన కొదురుపాకకు, నీలోజిపల్లికి, పాత వరదవెల్లికి ఏ పురాణముంది? "బీచి" అనే ఒక్క మాటతో వాటిని రెండోసారి ముంచుతామా?

నీళ్ళు వద్దనను, పొలాలకు కావాలి. షికారూ వద్దనను. కారులో దూసుకుపోయేవాడికి చెప్పి లాభం లేదు గాని, సైకిలుకు స్టాండుంది కదా! అది వేసి, ఎదురైన పెద్దమనిషిని ఊరి పేరడగండి.

మావాడు అడిగాడు. "ఏ ఊరు తాతా?"

తాత నీళ్ళకేసి వేలు చూపించాడు. "అగో, గా కొంగ వాలిన కాడ మా చింతచెట్టుండె."

తిరుగుదారిలో "బీచి" అన్న మాట ఎవరి నోటా రాలేదు.