చెంబెడు వేడినీళ్లు



ఈ నెల మేము వ్రాయదలచినది వేరొక సంగతి. పోయిన పక్షము మన సంఘ భవనములో ఒక తల్లి అడిగిన ప్రశ్న మమ్ములను ఈ మాటకు లాగినది. ఆమె కుమారునికి సంబంధములు చూస్తున్నారు. మమ్ములను వసారాలోకి పిలిచి, చుట్టూ ఒకసారి చూచి, గొంతు తగ్గించి అడిగినది: "అబ్బాయికి చిన్నప్పుడు మూర్ఛ వచ్చేదండీ. ఇప్పుడు మాత్ర వేసుకొంటున్నాడు, బాగానే ఉన్నాడు. అమ్మాయి తరఫువారికి చెప్పవలెనా, అక్కరలేదా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయినాము. ఆ ప్రశ్న ఒకప్పుడు మా ఇంటిలోనూ పుట్టినదే. దానికి మేము చెప్పుకొన్న జవాబు తప్పు. ఆ తప్పు ఎట్లా జరిగినదో, ఈ జబ్బును గురించి మన బెంగుళూరు వైద్యులు ఏమి కనిపెట్టినారో ముందు చెప్పి, ఆ తల్లికి ఇవ్వవలసిన జవాబు చివర మనవి చేస్తాము.

మాది బెంగుళూరిలో మూడు తరములుగా ఉన్న కుటుంబము. 1972 ప్రాంతమున మా తమ్మునికి తొమ్మిదేండ్లు. శనివారము వచ్చినదంటే మా అవ్వ రాగి హండా క్రింద కట్టెలు ఎగదోసి, పిల్లలందరికీ నువ్వులనూనె అంటి, సీకాయతో తల రుద్ది, చెంబు వెంట చెంబు తలమీద పోసేది. నీళ్లు పొగలు కక్కుతుంటేనే ఆమెకు తృప్తి. ఒక శనివారము తమ్ముడు ఉన్నట్టుండి చూపు నిలిపివేసినాడు. పిలిస్తే పలుకలేదు. పెదవులు ఏదో గొణిగినవి, వేళ్లు తడిబట్టను పీకినవి, ఆ పైన ప్రక్కకు ఒరిగినాడు. నాలుగు నిముషములలో లేచి, ఏమి జరిగినదని మమ్ములనే అడిగినాడు.

మరి రెండు వారములకు మళ్లీ అదే. బచ్చలింటిలో గాలి సోకినదన్నారు. తాయెత్తు కట్టినారు. వచ్చినప్పుడల్లా చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టినారు, ముక్కు దగ్గర ఉల్లిపాయ చితిపినారు. బడికి జ్వరమని చీటీ పంపినారు. ఇట్లా రెండేండ్లు గడచినవి.

చివరకు మా నాయన ఒక నరముల వైద్యుని వద్దకు తీసుకొని పోయినాడు. ఆ వైద్యుడు మందు వ్రాయక ముందు అడిగిన ప్రశ్నలు మాకు ఈనాటికీ జ్ఞాపకము. "వచ్చేటప్పుడు పిల్లవాడు ఏమి చేస్తుంటాడు? స్నానమా? నీళ్లు ఎంత వేడి? ఒంటిమీద పోస్తారా, తలమీదనా? చెంబు తరువాత చెంబు ఎంత వేగముగా పోస్తారు?" మెదడు చూపించుకొందామని వస్తే ఈయన బచ్చలింటి భోగట్టా అడుగుతాడేమని మా నాయన విసుగుకొన్నాడు. కాని జబ్బు గుట్టంతా ఆ ప్రశ్నలలోనే ఉన్నది.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నరకణములు ఉన్నవి. అవి ఒకదానితో ఒకటి సన్నని విద్యుత్తు ద్వారా మాట్లాడుకొంటవి. ఎవరి మాట వారు వంతు తప్పక మాట్లాడినంతవరకు చింత లేదు. ఏదో ఒక మూల గుంపుగా ఒక్కసారి కేకలు వేసినట్లయితే, ఆ కొద్ది నిముషములు మనిషి తన అధీనములో ఉండడు. మూర్ఛ అంటే ఇదే. ఈ విద్యుత్తును 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు మొదటిసారి మనిషి తలమీదనుండి గీతలుగా పట్టినాడు. నేడు ఇ.ఇ.జి. అని మనమెరిగిన పరీక్ష అదే. కనుక ఇది గాలి కాదు, గ్రహము కాదు, పూర్వజన్మ పాపము అంతకన్నా కాదు. పిచ్చి కూడా కాదు. అంటువ్యాధి అసలే కాదు.

కొందరికి ఈ మూర్ఛ ఒకానొక ప్రేరణ తగిలినప్పుడే వస్తుంది. మినుకుమినుకుమనే వెలుతురు కొందరికి ప్రేరణ. మా తమ్మునికి తలమీద పడే వేడినీళ్లు. దీనికి 'వేడినీటి మూర్ఛ' అని పేరు. 1945లో న్యూజిలాండునుండి ఇటువంటి రోగిని గురించి వ్రాసినారు. అక్కడ అది అపురూపము. మన బెంగుళూరిలో మాత్రము డాక్టర్ కె.ఎస్. మణిగారు ఇటువంటి రోగులను ఒకరి తరువాత ఒకరిని చూచి, సహచరులతో కలిసి 1968లో తొలి నివేదిక ప్రకటించినారు. 1974 నాటికి 108 మంది సంగతి వ్రాసినారు. 1988లో నిమ్హాన్స్ నుండి డాక్టర్ సతీశ్‌చంద్రగారు, సహచరులు 279 మందిని గురించి వ్రాసినారు. పాఠ్యగ్రంథములలో ఒక మూలనున్న మాట మైసూరు సీమలో ఇంటింటి మాట అని లోకమునకు తెలిసినది వీరి వల్లనే.

ఇక్కడే ఎందుకు ఎక్కువ? దానికి ఒక పాలు మన అలవాటు. తొట్టిలో పడుకొని స్నానము చేసేవారికి నీరు మెల్లగా తగులుతుంది. మనము 40 డిగ్రీలు దాటిన నీటిని చెంబుతో నేరుగా తలమీద గబగబా పోసుకొంటాము. వేడి, నీటి తాకిడి, రెండూ కలిసి తలకు తగులుతవి. అయితే అందరమూ అట్లాగే పోసుకొంటున్నాము, అందరికీ రావడము లేదు. కాబట్టి రెండవ పాలు పుట్టుకది. కొన్ని కుటుంబములలో ఒకరికి మించి కనబడుతున్నదని గమనించి, బెంగుళూరు జక్కూరులోని జవాహర్‌లాల్ నెహ్రూ కేంద్రపు శాస్త్రజ్ఞులు నిమ్హాన్స్ వైద్యులతో కలిసి అటువంటి కుటుంబముల రక్తము పరీక్షించినారు. 4వ, 10వ క్రోమోజోములలో కొన్ని తావులకు దీనితో సంబంధమున్నదని కనుగొన్నారు. ఆడపిల్లలకంటె మగపిల్లలకు ఎక్కువగా వస్తుందని కూడ తేలినది. విచిత్రమేమంటే, కొందరికి ఆ సమయమున ఒక విధమైన హాయి కలిగి, వద్దన్నా మరింత వేడి నీళ్లు పోసుకొంటారు. పిల్లవాడు బచ్చలింటినుండి రానని మొండికేస్తే తిట్టక ముందు ఈ సంగతి తలచుకొనవలెను.

ఈ పరిశోధన అంతా పెద్ద యంత్రముతో మొదలు కాలేదు. "ఆ సమయమున ఏమి చేస్తున్నావు?" అనే ప్రశ్నతో మొదలైనది. జవాబు చెప్పవలసినది ఇంటివారు. ఇంటివారు దాచినట్లయితే ఎంత గొప్ప వైద్యుడైనా ఏమి చేయగలడు?

వైద్యులు ఆసుపత్రిలో కూర్చొని రోగి రాకకై ఎదురు చూడలేదు కూడ. 1990 తరువాతి సంవత్సరములలో డాక్టర్ గౌరీదేవిగారు, నిమ్హాన్స్ సహచరులు బెంగుళూరు పట్టణములోను చుట్టుపట్ల పల్లెలలోను ఇంటింటికి మనుషులను పంపి 1,02,557 మందిని విచారించినారు. వేయిమందికి దాదాపు 9 మందికి మూర్ఛ ఉన్నదని తేలినది. పట్టణములో వేయికి 6 లోపు, పల్లెలో 12 దాకా. అనగా జబ్బు ఎక్కువగా ఉన్నచోటనే వైద్యుడు దూరముగా ఉన్నాడు. మణిగారు చామరాజనగర ప్రాంతమునందలి యళందూరు తాలూకాలో పల్లెలు తిరిగి రోగులను వెదకి, ఫినోబార్బిటాల్, ఫినిటోయిన్ అనే పాత, చౌక మందులనే ఇచ్చి, కొన్నేండ్లు విడువక కనిపెట్టి చూచినారు. ఖరీదైన మందు లేకపోయినా చాలామందికి మూర్ఛ అదుపులోకి వచ్చినదని 2001లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినారు. ప్రపంచములో సుమారు 5 కోట్లమందికి ఈ జబ్బు ఉన్నదని, సరియైన వైద్యము జరిగితే నూటికి 70 మంది వరకు మూర్ఛ లేకుండ బ్రతుకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఇక ఇంటివారు తెలిసికొనవలసిన నాలుగు మాటలు.

మూర్ఛ వచ్చినప్పుడు మనిషిని ఒక ప్రక్కకు ఒత్తిగిలజేయవలెను. మెడ దగ్గర బట్ట వదులు చేయవలెను. దగ్గరలో నిప్పు, వేడినీళ్లు, గట్టి వస్తువులు ఉంటే తొలగించవలెను. కాళ్లు చేతులు అదిమి పట్టరాదు. నోటిలో చెంచా గాని వేలు గాని పెట్టరాదు, పూర్తిగా తెలివి వచ్చేవరకు నీళ్లు పోయరాదు. తాళపుచెవులు, ఉల్లిపాయ, చెప్పు, వీటివల్ల లాభము లేదు. మూర్ఛ తనంతట తానే ఆగుతుంది, చేతిలో తాళము ఉన్నందుకు కాదు. గడియారము చూచుకొనవలెను. 5 నిముషములు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తవలెను.

వేడినీటి మూర్ఛ ఉన్నవారు నీళ్లు గోరువెచ్చగా చేసికొని, తలమీద గుమ్మరించుకొనక మెల్లగా స్నానము చేయవలెను. బచ్చలింటి గడియ వేసికొనరాదు. కొందరికి స్నానానికి ముందు వేసికొనే మాత్ర వైద్యుడు ఇస్తాడు. మరికొందరికి స్నానముతో పని లేకుండ కూడ మూర్ఛ వస్తుంది గనుక రోజూ మందు కావలసి వస్తుంది. ఏ మందైనా బాగున్నామని మనంతట మనము ఆపరాదు. హఠాత్తుగా ఆపితే మూర్ఛ మరింత ఉధృతముగా తిరిగి వస్తుంది.

మూర్ఛకు మరొక కారణమును మనము ఇంటనే అరికట్టవచ్చును. నాడాపురుగు ఉన్న మనిషి మలముతో దాని గ్రుడ్లు మట్టిలోను, కాయగూరలమీదను చేరుతవి. అవి కడుపులోకి పోతే, పురుగు పిల్లదశలో మెదడుకు ప్రాకి మూర్ఛ తెప్పించగలదు. పందిమాంసము ముట్టనివారికి, శాకాహారులకు కూడ ఇది వస్తుంది. పచ్చి కూరలు బాగుగా కడగడము, చేతులు కడగడము, మరుగుదొడ్డి వాడడము, ఈ మూడే దీనికి విరుగుడు.

ఇప్పుడు మా తప్పు సంగతి.

మా తమ్ముడు గోరువెచ్చని నీళ్లతో, మాత్రతో హాయిగా పెరిగి, చదివి, ఉద్యోగములో చేరినాడు. 1993లో హోసూరునుండి సంబంధము వచ్చినది. అప్పటికి హిందూ వివాహ చట్టములో, 1976 సవరణవల్ల, మాటిమాటికి మూర్ఛ వచ్చేవారు పెండ్లికి తగరనే మాట ఉన్నది. మా నాయనకు ఆ సంగతి ఎవరో చెప్పినారు. భయపడి, "ఎవరూ నోరెత్తరాద"ని మా అందరివద్ద మాట తీసుకొన్నాడు.

మార్గశిర మాసపు ముహూర్తము. విడిదిలో తెల్లవారుజామున మంగళస్నానము. ముత్తైదువలు పొగలు వచ్చే నీళ్లు తెచ్చినారు. మా అమ్మ "కాస్త చల్లార్చండమ్మా" అన్నది. "ఇంత చలిలోనా వదినా!" అని వారు నవ్వినారు. ఎందుకు చల్లార్చవలెనో చెప్పడానికి వీలు లేక మా అమ్మ ఊరకున్నది. మేమూ అక్కడే నిలిచి ఊరకున్నాము. నాలుగవ చెంబుకు తమ్ముడు పీటమీదనుండి ఒరిగిపోయినాడు. నుదురు చిట్లినది.

పెండ్లి ఆగలేదు. అమ్మాయి తండ్రి వైద్యుని పిలిపించి, అంతా విని, మా నాయనతో ఒక్క మాట అన్నాడు: "బావగారూ, జబ్బు మీరు తెచ్చినది కాదు. దాపరికము మాత్రము మీరు చేసినదే." మా నాయన ఆ మాటను చనిపోయేవరకు మరువలేదు. మా మరదలు కూడ మొదటి ఏడాది మా ఇంట ఎవరి మాటా పూర్తిగా నమ్మలేదు. ఆమెను తప్పు పట్టడానికి మాకు ముఖము లేదు.

చట్టములోని ఆ మాటను తొలగించవలెనని ఇండియన్ ఎపిలెప్సీ అసోసియేషనువారు పట్టుబట్టి పోరాడినారు. 1999లో పార్లమెంటు దానిని తీసివేసినది. మూర్ఛ ఉన్నందువల్ల పెండ్లికి చట్టము అడ్డు రాదు. మెదడును పరిశోధించే శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలోనే ఉండిపోక, పల్లెకు, పత్రికకు, పార్లమెంటు గుమ్మమునకు కూడ ఎందుకు పోవలెనో ఇందులో తెలుస్తుంది. మందు కనుగొన్నంత మాత్రాన రోగికి మేలు జరగదు. ఆ మందును పదిమంది ఎదుట వేసికొనే ధైర్యము కూడ అతనికి కావలెను. ఆ ధైర్యము ఇవ్వవలసినది ఇరుగుపొరుగు, బంధువులు, మన సంఘమువంటి సంఘములు. ఏటా నవంబరు 17న మన దేశములో జాతీయ మూర్ఛరోగ దినము జరుపుతారు. ఆనాడు మన భవనములో ఒక వైద్యుని పిలిచి మాట్లాడించవలెనని కార్యవర్గమునకు ఈ పుటద్వారా మనవి చేస్తున్నాము.

ఆ తల్లికి మా జవాబు: చెప్పండమ్మా. మాటలు కలిసిన తరువాత, తాంబూలములు పుచ్చుకొనక ముందు, మీరే వైద్యుని చీటీ చేతబట్టుకొని పోయి చెప్పండి. వద్దని పోయేవారు ఉండవచ్చును. వారు ఇప్పుడే పోవడము మీ అబ్బాయికే మేలు. విని నిలిచినవారి ఇంట మీ బిడ్డకు నీళ్లు పోసే చేయి, ముందుగా వేలు ముంచి వేడి చూచి పోస్తుంది.