మంట కాడ మనోళ్లు, మ్యాపు కాడ వాళ్లు

పెద్దాసుపత్రికి ఆవిరి లేకపోతే పూట గడవదు. ఆపరేషన్ కత్తులు, కత్తెర్లు, గుడ్డలు ఆవిరిలోనే శుద్ధి కావాలి. రోగుల దుప్పట్లు ఉతకాలన్నా, వందలమందికి వండాలన్నా చాలాచోట్ల ఆవిరే దిక్కు. ఆ ఆవిరి పుట్టేది బాయిలర్ రూములో. అక్కడ మంట కాడ నిలబడేవాళ్ల కులం అడగండి. లాండ్రీలో చీమూ నెత్తురూ అంటిన గుడ్డలు మోసేవాళ్ల కులం అడగండి. ఊరికి వెలివాడ ఎటుంటుందో, ఆసుపత్రికి బాయిలర్ రూము అటే ఉంటుంది.

పాత బాయిలర్లకు కొత్త కంట్రోళ్లు పెట్టాలంటే మేం వద్దనం. పెట్టి తీరాలి. నీళ్లు తగ్గి లోపలి గొట్టాలు ఎర్రగా కాలినప్పుడు చన్నీళ్లు పడ్డాయంటే బాయిలర్ బాంబే. మంట ఆరిపోయి చమురో గ్యాసో పొయ్యిలో పేరుకుంటే, మళ్లీ అంటించగానే పేలుతుంది. నీళ్లు తగ్గగానే మంటను ఆపేసే పరికరం, మంట ఉందో లేదో కనిపెట్టే కన్ను, అంటించే ముందు పొయ్యిలోని గ్యాసును గాలితో తోసేసే ఏర్పాటు - ఇవన్నీ మనోళ్ల ప్రాణాలు కాపాడేవే.

కానీ ఆ పరికరాలు కొనేముందు ఒక కాగితం పుడుతుంది. దాని పేరు డిజైను. ఆ కాగితం గీసిపెట్టే పనిని సర్కారు విడిగా కాంట్రాక్టుకిస్తుంది. యంత్రం ధర గురించి అసెంబ్లీలో అరుస్తారు, పేపర్లో రాస్తారు. డిజైను కాంట్రాక్టు ఎవడికి పోయిందో ఎవరూ అడగరు. మేం అడిగేది అదే. నీళ్లు తగ్గితే మంట ఆపే పరికరం ఒకటి చాలా, రెండు పెట్టాలా? గంట బాయిలర్ రూములో మోగాలా, ఇంజనీరు గదిలో మోగాలా? తెర మీద అక్షరాలు తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులోనా? పనివాళ్లు ఎంతమంది ఉండాలి? ఇవన్నీ తేల్చేది ఆ కాగితమే. ఏ కంపెనీ సరుకు తప్ప మరొకటి సరిపోకుండా చెయ్యాలో కూడా అందులోనే రాసెయ్యొచ్చు. పెత్తనమంతా అక్కడుంది. అక్కడ మనోడు లేడు.

పేలినప్పుడు మాత్రం మనోళ్లే. 1863లో కలకత్తాలో బాయిలర్ పేలాకే 1864లో బెంగాల్లో చట్టం వచ్చింది. దేశానికంతటికీ 1923లో వచ్చింది. దాని స్థానంలో 2025లో కొత్తది తెచ్చారు. చట్టాలు మారినా చచ్చేవాళ్లు మారలేదు. 2017 నవంబర్ 1న ఉత్తరప్రదేశ్‌లోని ఉంచాహార్ కరెంటు కేంద్రంలో బాయిలర్ ప్రమాదంలో 40 మందికి పైగా పోయారు. ఎక్కువమంది కాంట్రాక్టు కూలీలే. డిజైను గీసినోడు మంట కాడ ఉండడు. ఉన్నోణ్ణి డిజైను గీసేటప్పుడు పిలవరు.

ఇక్కడ అమెరికా సంగతొకటి చెప్పుకోవాలి. ఆ దేశం నల్లవాళ్లకు చేసిన న్యాయమేపాటిదో మనకు తెలుసు, కాబట్టి దండేసి పొగడటం లేదు. అక్కడ సర్కారు డిజైను పనులకు 1972 నుంచి బ్రూక్స్ చట్టముంది. ముందు ఇంజనీరు అర్హత చూస్తారు, ఆ తర్వాతే ధర మాట్లాడతారు. తక్కువ పాడినోడికి డిజైను అప్పజెప్పరు. అక్కడ మాజీ సైనికుల కోసం సర్కారే నడిపే ఆసుపత్రులున్నాయి. 2006 చట్టం ప్రకారం ఆ ఆసుపత్రుల శాఖ ఇచ్చే కాంట్రాక్టుల్లో మాజీ సైనికుల చిన్న కంపెనీలకు, సైన్యంలో పనిచేస్తూ వికలాంగులైనవాళ్ల కంపెనీలకు ముందు చోటు. సరైన ధరకు పని చేయగల అలాంటి కంపెనీలు కనీసం రెండు పోటీకొస్తాయనుకుంటే ఆ పనిని వాళ్లకే కేటాయించాలి. ‘మా టార్గెట్టు నిండిపోయింది, ఇక ఇవ్వం’ అని శాఖ వాదిస్తే, కుదరదని 2016లో ఆ దేశ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. బాయిలర్ కంట్రోళ్ల డిజైనుకూ అదే రూలు. రిజర్వేషనిస్తే బాయిలర్లు పేలిపోతాయని ఆ కోర్టు అనలేదు. అట్లాగని అక్కడ అంతా బాగుందనీ కాదు. 2020 నవంబర్ 13న కనెక్టికట్‌లోని వెస్ట్ హేవెన్‌లో ఆ శాఖ ఆసుపత్రిలోనే ఆవిరి పైపు కాడ పనిచేస్తున్న ఇద్దరు చచ్చిపోయారు. కాంట్రాక్టులో వాటా ఒకటి, పనివాడి మాటకు విలువ ఇంకొకటి. రెండూ కావాలంటున్నాం మేం.

మరి మన దేశంలో? 2012 ఉత్తర్వు ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర సంస్థలు కొనే సరుకుల్లో, సేవల్లో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి కొనాలి. అది లక్ష్యం మాత్రమే. చేరకపోతే ఎవడి కుర్చీ కదలదు, అందుకే లెక్క 4 శాతానికి చాలా దూరంలోనే ఆగిపోతోంది. రాష్ట్ర ఆసుపత్రులకైతే ఆ ఉత్తర్వే వర్తించదు.

ఇక టెండరు షరతులు చూడండి. గత ఏడేళ్లలో ఇలాంటి పనులు చేసుండాలి, మూడేళ్ల టర్నోవరు ఇంతుండాలి. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002లో వీటికి హద్దులు పెట్టింది. ఆ హద్దులే ఇప్పుడు గుమ్మానికి గడియలయ్యాయి. పని ఇస్తేనే అనుభవం, అనుభవముంటేనే పని. బావిలోకి దిగనివ్వకుండా ఈత రాదన్నట్టుంది. చిన్న సంస్థలకు ఈ షరతులు సడలించొచ్చని కేంద్రం 2016లో చెప్పింది. అదే ఏడాది, ప్రజల ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన కొనుగోళ్లలో పాత అనుభవం అడగొచ్చని కూడా చెప్పింది. ఆసుపత్రీ ఆరోగ్యమే, బాయిలరూ భద్రతే. తలుపు తీసిన చేత్తోనే మూశారు.

డిజైనుకు కావాల్సిందేంటి? సిమెంటు లారీలా, క్రేన్లా? చదువు, లెక్క, కంప్యూటరు, బాయిలర్ రూములో నాలుగు రోజులు కూచునే ఓపిక. రిజర్వేషన్ మీద ఇంజనీరింగు చదివిన పిల్లలు వేలల్లో ఉన్నారు. కూలి చేసి చదివించిన తల్లిదండ్రుల బిడ్డలకు టర్నోవరు ఎక్కణ్నుంచొస్తుంది? ‘మెరిట్, మెరిట్’ అని గొంతు చించుకునేవాళ్లు ఇక్కడ మాత్రం మెరిట్ అడగరు, డబ్బు సంచి అడుగుతారు.

ఇది కొత్త తగాదా కాదు. సర్కారు పనుల కాంట్రాక్టుల్లో మనకు చోటు లేదని బాబాసాహెబ్ 1942లోనే వైస్రాయికిచ్చిన వినతిపత్రంలో నిలదీశారు. 2002 భోపాల్ ప్రకటనలోనూ ఇదే మాట వచ్చింది. ఉద్యోగంలో వాటా గురించి కొట్లాడాం. సర్కారు ఉద్యోగాన్ని కాంట్రాక్టుగా మార్చేస్తుంటే, వాటా కూడా కాంట్రాక్టులోకి రావాలి గదా!

అందుకే అడుగుతున్నాం. డిజైను పనిని యంత్రాలమ్మే కంపెనీకి కట్టబెట్టకుండా విడిగా పిలవాలి. అందులో టర్నోవరు షరతు తీసేసి, ఇంజనీరు అర్హత చూడాలి. ఎస్సీ, ఎస్టీ వాటాను లక్ష్యంగా కాదు, చట్టంగా రాయాలి. రాష్ట్ర ఆసుపత్రులకూ అది వర్తించాలి. గీసిన కాగితాన్ని బాయిలర్ నడిపేవాళ్లకు తెలుగులో చదివి వినిపించి, వాళ్లు ‘సరే’ అన్నాకే బిల్లు పాస్ చెయ్యాలి.

మంట కాడ నిలబెట్టడానికి మన కులం పనికొచ్చింది. మ్యాపు కాడ కూచోబెట్టడానికి ఎందుకు పనికిరాదో, ప్రతి ఆసుపత్రి సూపరింటెండెంటునూ, ప్రతి ఎమ్మెల్యేనూ అడుగుదాం.