ఊరి మీదికి నిప్పు అడిగినవాళ్లు

లూకా సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఒక సంఘటన ఉంది. యెరూషలేముకు పోతున్న యేసుకు సమరయుల ఊరొకటి బస ఇవ్వనంది. శిష్యులు యాకోబు, యోహానులకు ఒళ్లు మండింది. ఆకాశం నుంచి నిప్పు దింపి ఈ ఊరిని కాల్చేద్దామా అని అడిగారు. యేసు వాళ్లనే గద్దించి, ఇంకో ఊరికి దారితీశాడు. యెరికోకు దిగే దారిలో దొంగలు కొట్టి పడేసిన బాటసారిని ఒక సమరయుడు ఆదుకున్న కథ, అదే మంచి సమరయుడి కథ, ఆ తర్వాతి అధ్యాయంలోనే వస్తుంది. ఈ వరుస కాకతాళీయమని నేననుకోను.

కథ కల్పితమే గాని, యెరికోకు దిగే ఆ కొండదారి నిజం. యూదులకూ సమరయులకూ మధ్య పగ కూడా నిజమే. గెరిజీము కొండ మీది సమరయుల ఆలయాన్ని క్రీ.పూ. రెండో శతాబ్దంలో యూదుల పాలకుడు హిర్కానస్ నేలమట్టం చేశాడు. క్రీ.శ. 50 ప్రాంతంలో పండగకు పోతున్న గలిలయ యూదు యాత్రికులు సమరయ పొలిమేరలో హత్యకు గురయ్యారు. రోమన్ అధికారి కుమానస్ పట్టించుకోలేదు. కోపంతో కదిలిన గుంపులు హంతకులను వెతకలేదు, సమరయ గ్రామాలను తగలబెట్టాయి. ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసిపెట్టిన చరిత్ర ఇది. ఒక తరం గడిచాక లూకా కథ విన్నవాళ్లలో ఆ పొగ గుర్తున్నవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల ముందు ఒక సమరయుడి చేత గాయానికి కట్టు కట్టించడం మామూలు సాహసం కాదు.

తెలంగాణలోని జైనూర్‌కు ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2024 ఆగస్టు 31న ఒక ఆదివాసీ మహిళపై ఆటో డ్రైవర్ అత్యాచారానికి ప్రయత్నించి, కొట్టి, రోడ్డు మీద వదిలేశాడన్నది కేసు. మొదట ప్రమాదమనుకున్నారు, స్పృహ వచ్చాక ఆమే చెప్పింది. సెప్టెంబర్ 4న బంద్ నాడు నిందితుడి మతస్థులైన ముస్లింల దుకాణాలు కాలాయి, మసీదు మీద దాడి జరిగింది, ఇంటర్నెట్ ఆగింది. భూమీ అడవీ పోగొట్టుకుంటూ వచ్చిన ఆదివాసీల కోపానికి కారణాలు లేవనడం అబద్ధం. కానీ నిందితుడు ఒక్కడు. కాలిన షట్టర్లు అతనివి కావు. మంటలు లేచిన క్షణం నుంచి ఆస్పత్రిలో ఉన్నామె అందరి మాటల్లోంచీ జారిపోయింది.

ఇదే మండలంలోని మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీల సమాధులున్నాయి. వియన్నాలో పుట్టిన ఆయన, రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్ల లెక్క ప్రకారం శత్రుదేశస్థుడు. గోండు తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం మరణం తర్వాత నిజాం సర్కారు పంపగా వచ్చి, గోండుల భూములకూ బడులకూ పాటుపడ్డాడు. ఇక్కడి జనం ఆయన్ను పాస్‌పోర్టుతో కాదు, పనితో తూచారు. ఆ తూకం జైనూర్‌కు కొత్తగా నేర్పనక్కర్లేదు.

అందుకే ఆదివాసీల సంప్రదాయ పంచాయతీ అయిన రాయి సెంటర్ పెద్దలను, మసీదు పెద్దలను, వ్యాపారులను, నాలాగా దూరం నుంచి రాసేవాళ్లనూ అడుగుతున్నాను. కథలో సమరయుడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. కట్టు కట్టి చేతులు దులుపుకోలేదు. ఆమె వైద్యానికి అయ్యేదెంత? కేసు నడిచినన్నాళ్లూ కోర్టుకు తోడుపోయేదెవరు? ఏ తప్పూ చేయకుండా దుకాణం పోగొట్టుకున్నవాళ్లకు అందిందెంత? ఈ మూడూ ఒకే కాగితం మీద రాయండి. రెండు వైపుల పెద్దలూ కూర్చున్న రోజున, ఆమె సంగతి మసీదు పెద్దలు ఎత్తాలి, కాలిన దుకాణాల సంగతి రాయి సెంటర్ పెద్దలు ఎత్తాలి.