తీగకును బుగ్గవాగు కావలెను

2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ కోవిందుగారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్టును ప్రారంభించిరి. విద్యుత్ స్తంభములమీదుగా సాగు గాజుతీగద్వారా ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును నెలకు 149 రూపాయలు మొదలుకొని లభించునని ప్రభుత్వమువారు నాడు ప్రకటించిరి. 2023 జూన్ 2న ‘నిరీక్షణ’ అను చిత్రమును విడుదలనాడే యిండ్లలో చూపు ప్రయత్నమును ఆ సంస్థయే చేసెను. ఉద్దేశము శ్లాఘనీయము. కాని తీగ లాగినంతమాత్రమున కోరిన చిత్రము కోరిన గడియలో నడువదు. కాలువ త్రవ్వినంతనే చివరి చేనికి నీరందదని యెరిగిన పల్నాటివారికి ఈ సత్యమును వేరుగ బోధింపనక్కరలేదు.

లెక్క సులభము. స్పష్టమైన చిత్రమునకు సెకనునకు 5 మెగాబిట్లు కావలెననుకొందము. టెలివిజను ఛానలునందు అందరును ఒకే దృశ్యమును ఒకే క్షణమున చూతురు గనుక ఒక్క ప్రవాహము ఊరివరకు వచ్చి అచ్చట చీలిన చాలును. కోరినప్పుడు చూచుట అట్టిది కాదు. ఒకరు ఎనిమిదింటికి మొదలిడుదురు, పొరుగువారు ఎనిమిదింబావుకు మొదలిడుదురు. ఇంటింటికి వేరు ప్రవాహము కావలెను. మాచర్లలో వేయి యిండ్లవారు రాత్రి చూడ కూర్చున్నచో సెకనునకు 5 గిగాబిట్లు దూరమునుండి రావలెను. రానిచో బొమ్మ నిలిచిపోవును.

నివారణ మన కన్నులయెదుటనే యున్నది. సాగరు కుడికాలువనీటిని బుగ్గవాగు జలాశయము నడుమ నిలిపి పంచుచున్నది. అట్లే నరసరావుపేట, మాచర్ల, గురజాలలయందు చిత్రములను నిలువచేయు సర్వర్లుండవలెను. తూము తెరచిన నీరు తరుగును. చిత్రమెందరు చూచినను తరుగదు. రెండుగంటల చిత్రము 4,500 మెగాబైట్లు. అది ఒక్కసారి వచ్చి చేరిన, వేయి యిండ్లకును చాలును. చిత్రమును కొలది సెకనుల ముక్కలుగ కోసి, ఒక్కొక్క ముక్కను హెచ్చుతగ్గు స్పష్టతలలో నుంచినచో, తీగ బలహీనమైనవేళ బొమ్మ మసకబారునేగాని ఆగదు. నెట్‌ఫ్లిక్సు కంపెనీ తన నిలువపెట్టెలను ఇంటర్నెట్టు సంస్థలయొద్ద ఉచితముగ నుంచు పద్ధతిని 2012లోనే ప్రకటించినది. పరదేశపు వర్తకుడు లాభమునకై చేయు పనిని మన ప్రభుత్వము ప్రజలకై చేయలేదా?

అయినను ఒక హెచ్చరిక. నిలువపెట్టెలో చోటు పరిమితము. ఎక్కువమంది చూచునవే అందుండి, తక్కినవి దూరపు భాండాగారమునుండి రావలసియుండును. ఎంచుట కేవలము చూచువారి సంఖ్యకే వదలినచో నగరముల వినోదమే పెట్టెను నింపును. ప్రతియేట కార్తికమున కారెంపూడిలో వీరారాధనోత్సవములు జరుగును. వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథలను గానముచేయుదురు. ఆ గానమును పల్నాటి పిల్లవాడు తన యింట కోరి వినగోరినచో, సంఖ్య చాలలేదని త్రోసిపుచ్చుట న్యాయమా? ప్రతి పెట్టెయందును కొంతచోటు స్థానిక కళలకును, వ్యవసాయపాఠములకును, బడిపిల్లల చదువునకును ప్రత్యేకింపవలెనని మా నిశ్చితాభిప్రాయము.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగ పల్నాడు ప్రత్యేక జిల్లా యైనది. జిల్లా పేరు వచ్చినది. జిల్లాకు తగిన నిలువయు రావలెను. ఎన్ని మైళ్ల తీగ లాగితిమని కాక, చివరి యూరి చివరి యింట బొమ్మ ఆగక నడచుచున్నదాయని అధికారులు పరీక్షించుకొందురుగాక. ఆయకట్టు కొలత ఎన్నడును చివరి చేనియొద్దనే.