‘తగినంత’ అంటే ఎంత?

వంటల పేజీలో ‘ఉప్పు తగినంత, నీళ్ళు సరిపడా’ అని రాస్తే మనకెవరికీ ఇబ్బంది లేదు. చేయి తిరిగినవాళ్ళకి ఆ మాట చాలు. కొత్తగా పొయ్యి దగ్గరికి వచ్చిన పిల్ల మాత్రం ‘తగినంత అంటే ఎన్ని చెంచాలు పిన్నీ?’ అని అడుగుతుంది. అడిగే పిల్ల నయం. అడక్కుండా తనకు తోచినంత వేసేసే పిల్లతోనే చిక్కు. ఇప్పుడు కంప్యూటర్లలోకి వచ్చిన ‘ఏఐ ఏజెంట్’ చాలాసార్లు ఈ రెండో రకం.

ఏమిటీ ఏజెంటు అంటారా? మనం మామూలు మాటల్లో చెప్పిన పనిని అర్థం చేసుకుని, కంప్యూటర్లో తనే చేసిపెట్టే సాఫ్ట్‌వేర్. ఇంటి ఖర్చులు, పచ్చళ్ళ వ్యాపారం, పొదుపు సంఘం పద్దులు ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో రాసుకునే గృహిణులు మనలో ఉన్నారు కదా! గళ్ళల్లో అంకెలుంటాయి. ఆ అంకెలను నిలువు పట్టీలుగానో, గుండ్రటి ముక్కలుగానో చూపే బొమ్మే చార్టు.

ఈ బొమ్మలు నిన్న మొన్న పుట్టినవి కావు. స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో పట్టీల బొమ్మను, 1801లో గుండ్రటి బొమ్మను అచ్చు వేశాడు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే రోగాలతోనే ఎక్కువమంది చనిపోయారని ఫ్లారెన్స్ నైటింగేల్ 1858లో ఇలాంటి బొమ్మ గీసే పెద్దలకు చూపించింది. నాలుగు పేజీల అంకెలు చెప్పలేనిది ఒక్క బొమ్మ చెప్పేస్తుంది.

అబద్ధం కూడా అంత తేలిగ్గానే చెప్పేస్తుంది. ఏప్రిల్‌లో పచ్చళ్ళ అమ్మకం 40,000 రూపాయలు, మేలో 42,000 అనుకోండి. పెరిగింది నూటికి అయిదు. ‘తేడా బాగా కనబడేలా చెయ్యి’ అని ఏజెంటుకు చెప్పారు. అది పట్టీల అడుగును సున్నా దగ్గర కాకుండా 39,000 దగ్గర మొదలుపెట్టిందంటే, ఏప్రిల్ పట్టీ ఒక అంగుళం ఉన్నచోట మే పట్టీ మూడు అంగుళాలుంటుంది! గళ్ళల్లో ఒక్క అంకె మారలేదు. చూసినవాళ్ళు మాత్రం అమ్మకం మూడింతలైందనుకుంటారు. ఆ ఉత్సాహంలో అప్పు చేసి కాయలూ నూనే మూడింతలు కొంటే, నష్టం ఎవరిది?

ఇక్కడ ఇంకో సంగతి తెలుసుకోవాలి. చార్టును ముట్టుకోవాలంటే ఏజెంటుకు ‘టూల్’ అనే పనిముట్టు కావాలి. దానితోపాటు వాడే విధానం రాసిన వివరణ కూడా ఉంటుంది. దాన్నే డాక్యుమెంటేషన్ అంటారు. మిక్సీతో వచ్చే చిన్న పుస్తకం లాంటిదన్నమాట. ఆ పుస్తకాన్ని మనం అట్టపెట్టెలోనే వదిలేస్తాం. ఏజెంటుకు మాత్రం ఆ వివరణే ఆధారం. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ పద్ధతిలో ప్రతి పనిముట్టుకూ పేరు, అదేం చేస్తుందో వివరణ, దానికి ఏమేమి అందించాలో పట్టిక రాస్తారు. వాటిని చూసుకునే ఏ పనిముట్టు తీయాలో ఏజెంటు నిర్ణయించుకుంటుంది.

కనుక ఆ వివరణలో ‘చార్టును మారుస్తుంది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే అది ‘ఉప్పు తగినంత’ లాంటిదే. రంగు మారుస్తుందా, శీర్షికా, కొలతలా? పాత బొమ్మ ఉంటుందా, పోతుందా? ఏం చేస్తుందో చెప్పినంత స్పష్టంగా ఏం చేయదో కూడా చెప్పాలి. గూగుల్ షీట్స్‌లో చార్టు లక్షణాలను మార్చే ఆదేశం ఒకటుంది. ‘ఇది చార్టును జరపదు, సైజు మార్చదు, అందుకు వేరే ఆదేశం వాడండి’ అన్న అర్థంలో దాని వివరణలోనే రాసి ఉంటుంది. అలాగే ఎక్సెల్ ఫైళ్ళతో పనిచేసే ‘ఓపెన్‌పైఎక్సెల్’ అనే ఉచిత సాధనం, ఫైలులో ఉన్నవన్నీ తాను చదవలేనని, తెరిచి అదే పేరుతో మళ్ళీ సేవ్ చేస్తే లోపల గీసుకున్న ఆకారాలు పోతాయని ముందే హెచ్చరిస్తుంది. ఇలా రాసినవాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

మీ అమ్మాయో, అల్లుడో ఇలాంటి వివరణలు రాసే ఉద్యోగంలో ఉంటే, ఒకసారి తెలుగులో మీకు చెప్పమనండి. ఎక్కడ మీరు ‘అంటే?’ అని ఆపుతారో అక్కడ ఇంకో వాక్యం పడాలని గుర్తు. మీకు కంప్యూటర్ రాదని మొహమాటపడకండి. వంట నేర్పిన అనుభవం ఉందిగా!

ఇక ఏజెంటుతో పని చేయించుకునేవాళ్ళకు నాలుగు చిట్కాలు.

* ముందు ఫైలుకు ఒక నకలు వేరే పేరుతో దాచుకోండి. పని దాని మీదే చేయించండి.

* ‘బాగా చెయ్యి’ అనకండి. ‘నిలువు పట్టీలు గియ్యి, అడుగు సున్నా నుంచి మొదలుపెట్టు, శీర్షిక ఇలా రాయి, అంకెలు ముట్టుకోకు’ అని విడివిడిగా చెప్పండి.

* చార్టు ఏ గళ్ళను చూస్తోందో అడగండి. బి2 నుంచి బి13 దాకా పన్నెండు నెలలకు గీసిన బొమ్మ కింద పదమూడో నెల చేరిస్తే, మామూలుగా అది బొమ్మలోకి రాదు. పరిధి పెంచమని చెప్పాలి.

* పనయ్యాక ‘ఏమేం మార్చావు?’ అని అడిగి, రెండు పట్టీలనైనా మీ అంకెలతో సరిచూసుకోండి. ‘అయిపోయింది’ అన్న ఒక్క మాట నమ్మి ఆ కాగితాన్ని సంఘం మీటింగులోనో, బ్యాంకులోనో ఇవ్వకండి. అక్కడ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసింది మీరే.